విదేశం నుంచి పాత కారు విడిభాగాలు: రవాణా ఖర్చు ఎవరిది?
మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారుకు మూలం బ్రిటన్‌లోని ట్రయంఫ్ హెరాల్డ్. అందుకే ఆ కారును ఇంకా నడుపుకొంటున్న మనవాళ్లు ఇక్కడ దొరకని విడిభాగాల కోసం బ్రిటన్ వైపు చూస్తారు. ధర కుదిరాక కూడా రవాణా ఖర్చు దగ్గర తగాదా వస్తుంది.

మొదటి చిక్కు బరువు. విమాన కొరియర్లు తూకంతో పాటు పెట్టె కొలతలూ చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తాయి. ఏది ఎక్కువైతే దానికే వసూలు. 150×30×25 సెం.మీ. పెట్టెలో వచ్చే బంపరు 8 కిలోలే తూగినా 22.5 కిలోలకు కట్టాలి. అమ్మినవారు 8 కిలోల లెక్కే చెప్పి ఉంటే, ఆ తేడా ఎవరు భరించాలన్నదే గొడవ.

రెండోది కస్టమ్స్ సుంకం. మన దేశంలో దీన్ని వస్తువు ధరకు రవాణా, బీమా కలిపిన విలువపై వేస్తారు. విమానంలో వస్తే కలిపే రవాణా ఖర్చు ధరలో 20 శాతం దాటదు.

ఒప్పందంలోని పొడి అక్షరాలు కూడా తెలుసుకోవాలి. ఎఫ్‌ఓబీ అంటే సరుకు ఓడ ఎక్కాక ఖర్చు, నష్టం కొన్నవారివి. సీఐఎఫ్ అంటే మన రేవు దాకా రవాణా, బీమా ఖర్చు అమ్మినవారిది, సుంకం మనదే. డీడీపీ అంటే సుంకం కూడా అమ్మినవారిదే.

ప్యాక్ చేసిన పెట్టె కొలతలెంత? సుంకం ఎవరిది? విరిగిన భాగం వస్తే తిరిగి పంపే ఖర్చు ఎవరిది? ఈ మూడింటికీ జవాబు రాతలో వచ్చాకే డబ్బు పంపుదాం.