ఒక్క రేకులో మలచిన కంచు ముఖం

గ్రీసు దేశంలోని ఒలింపియా పురావస్తు ప్రదర్శనశాలలో చిలుము పట్టి శిథిలమైన ఒక కంచు శిరస్త్రాణం ఉంది. దాని అంచున చెక్కిన అక్షరాలను నేటికీ చదవవచ్చు. మిల్టియాడిస్ అనే వాడు దానిని జ్యూస్ దేవునికి సమర్పించాడన్నది ఆ శాసన సారాంశం. క్రీ.పూ. 490లో మారథాన్ మైదానంలో పారశీక సైన్యాన్ని ఓడించిన ఏథెన్స్ సేనాని ఇతడేనని పండితులు భావిస్తారు. దానిని ధరించి అతడు ఏ యుద్ధం చేశాడో శాసనం చెప్పదు. అయితే ఆ లోహమే మరొక కథ చెబుతుంది. ప్రాణరక్షణకు మనిషి ఎంతటి మూల్యం చెల్లించవలసి వస్తుందన్నదే ఆ కథ.

ఈ తరహా శిరస్త్రాణానికి కొరింథ్ నగరం పేరు స్థిరపడింది. క్రీ.పూ. 700 ప్రాంతంలో రూపుదిద్దుకొని, రెండు శతాబ్దాలకు పైగా ఇది గ్రీకు పదాతి యోధుల తల కాచింది. నెత్తి, మెడ, చెక్కిళ్లు, ముక్కు అన్నింటినీ ఒకే కంచు రేకు కప్పివేస్తుంది. కళ్లకు రెండు రంధ్రాలు, నోటి ఎదుట నిలువుగా ఒక సన్నని చీలిక, అంతే తెరపి. ఎక్కడా అతుకు లేదు. అతుకు ఉన్నచోటనే ఆయుధానికి దారి దొరుకుతుంది మరి!

ఇంచుమించు తొమ్మిది పాళ్ల రాగికి ఒక పాలు తగరం కలిపితే ఈ కంచు తయారవుతుంది. మన కంచరులు కంచాలకు, గంటలకు వాడే కంచులో తగరం ఇంతకు రెట్టింపు ఉంటుంది. అది చక్కగా మోగుతుంది గాని, చల్లబడ్డాక సుత్తి దెబ్బకు పగులుతుంది. గ్రీకు కంచరికి కావలసింది మోగే కంచు కాదు, సాగే కంచు.

ఆ కంచుకు కూడా ఒక విచిత్ర స్వభావం ఉంది. దెబ్బ తిన్నకొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడినకొద్దీ పెళుసవుతుంది. కనుక పగులు రాకముందే దానిని కొలిమిలో కాచి మెత్తబరచాలి. మళ్లీ దాగలి మీద పెట్టి కొట్టాలి, మళ్లీ కాచాలి. ఈ వరస ఎన్నిసార్లో సాగితే గాని గుండ్రని నెత్తి, వంపు తిరిగిన మెడ రూపుకట్టవు. ఒక్క దెబ్బ హెచ్చితే అంతవరకు పడిన శ్రమ వృథా.

శత్రువు ఈటె ఎదురుగా వస్తుంది గనుక ముక్కుపట్టీని మందంగా ఉంచి, వెనుక భాగాన్ని పలుచన చేసేవారు. అందువల్లనే చాలా శిరస్త్రాణాల బరువు రెండు కిలోలకు మించదు. తొలికాలపు వాటి అంచుల వెంట కనిపించే చిన్నచిన్న రంధ్రాలు లోపలి మెత్తని అస్తరును కుట్టడానికి ఉద్దేశించినవి.

ఇంత నేర్పుతో చేసిన ఈ కవచానికి ఒక లోపం ఉంది. చెవులు మూసుకుపోతాయి, చూపు ఎదుటికే పరిమితమవుతుంది. భుజం భుజం కలిపి, డాలుకు డాలు ఆనించి నిలిచే సేనలో ఆ లోపం కొంత కప్పబడేది. పక్కవాడే యోధునికి కన్నూ, చెవీ. పోరు లేని వేళ శిరస్త్రాణాన్ని నెత్తి మీదికి వెనక్కు నెట్టుకొనేవారు. కొరింథ్ నాణేలపై ఎథీనా దేవత, శిల్పాలలో పెరిక్లిస్ ఆ భంగిమలోనే మనకు దర్శనమిస్తారు.

క్రమంగా యోధులు వినడానికీ చూడడానికీ మొగ్గు చూపారు. కాల్సిడియా తరహా శిరస్త్రాణంలో చెవులకు ఖాళీ వదిలారు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో స్పార్టా సైనికులు ముఖాన్ని పూర్తిగా విడిచిపెట్టే శంకువు ఆకారపు టోపీకి మళ్లారు. అశ్వికులకు బియోషియా తరహా మేలనీ, అది చూపుకు అడ్డురాదనీ జెనొఫన్ రాశాడు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో బాక్ట్రియాను, భారత వాయవ్య సీమలను ఏలిన గ్రీకు రాజు యుక్రటైడిస్ నాణేలపై కనిపించేది కూడా అటువంటి వెడల్పు అంచుల శిరస్త్రాణమే. ముఖానికి రక్షణ తగ్గింది, కాని పక్కనుంచి వచ్చే అపాయం కంటబడింది, సేనాని ఆజ్ఞ చెవిని పడింది.

ఒలింపియా ప్రదర్శనశాలలోనే మరొక శిరస్త్రాణం ఉంది. అది ముఖం కప్పని, కొనదేరిన ప్రాచ్య దేశపు పనితనం. పారశీకుల నుంచి గెలుచుకొని ఏథెన్స్ ప్రజలు జ్యూస్‌కు సమర్పించారని దాని మీది శాసనం చెబుతుంది. గెలిచిన వారిదీ, ఓడిన వారిదీ ఒకే దేవుని సన్నిధికి చేరాయి. వాటిని మలచిన కంచరుల పేర్లు మాత్రం ఏ అంచు మీదా లేవు. దాదాపు రెండువేల అయిదువందల ఏళ్లు గడిచినా చెరగని సుత్తి పనితనమే వారి సంతకం.