రహీం సాన పట్టిన ఆటగాళ్లు

హైదరాబాద్‌లో దారుల్ ఉలూమ్ వంటి పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం, 1950 నుంచి సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడై, ప్రతిభను గుర్తించి సాన పట్టే బాధ్యతను తానే తలకెత్తుకున్నారు. 1950–54 మధ్య ఆ జట్టు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ టోర్నీ గెలిచింది. వాటం లేని కాలితోనే తన్నాలనీ, డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలిదగ్గరే ఉంచుకొని ప్రత్యర్థులను తప్పించుకుపోవడం, అసలే కూడదనీ నియమాలు పెట్టి ఆయన కుర్రాళ్లకు పోటీలు నిర్వహించేవారు. రెండు కాళ్లూ సమానంగా పనిచేయడానికీ, బంతి అందకముందే తరువాతి పాస్‌ను ఊహించే అలవాటు పట్టుబడటానికీ ఇంతకన్నా సూటైన శిక్షణ మరొకటి ఉండదు. అమ్ముగూడ నుంచి సాధనకు రావలసిన పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాంకు సైకిలు అద్దె కూడా రహీమే ఇచ్చారు. ఆ బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టులోనూ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఆడాడు. రహీం 1963లో క్యాన్సర్‌తో మరణించారు. భారత ఫుట్‌బాల్‌కు ఆ స్వర్ణం మళ్లీ దక్కలేదు.