సహసంవేదనవర్ణము – చాక్షుషవర్ణము : ఒక పరిశీలనము

నల్లసిరాతో ముద్రితమైన యక్షరమును చూచినంతనే కొందఱికి ఎఱుపో పసుపో తోఁచును. ఆధునిక మనశ్శాస్త్రము దీనిని ‘సినెస్థీషియా’ యని పేర్కొన్నది, సహసంవేదనమని వ్యవహరింపవచ్చును. 1812లో జార్జ్ సాక్స్ అను వైద్యుఁడు అక్షరములు, అంకెలు, వారముల పేరులు తనకు రంగులతోఁ దోఁచుటను తన సిద్ధాంతగ్రంథమున వర్ణించెను. ఈ వర్ణజ్ఞానము ప్రత్యక్షమా, భ్రమయా, కల్పనయా యనునది విచార్యము.

సాధారణచాక్షుషమున, వస్తువునుండి వచ్చిన కాంతి నేత్రములోని త్రివిధ శంకుకణములను తాఁకుటచే వర్ణజ్ఞానము కలుగును. తార్కికపరిభాషలో ద్రవ్యముతో సంయోగము, తద్గతరూపముతో సంయుక్తసమవాయము సన్నికర్షములు. సహసంవేదనమున ఎఱుపు అక్షరమునందు సమవేతము కాదు గనుక ఈ సన్నికర్షము పొసఁగదు.

భ్రమయందమా? కామెర్లరోగికి శంఖము పసుపుగాఁ గానవచ్చునపుడు దాని తెలుపు మఱుగుపడును. సహసంవేదకునకు సిరా నలుపుగనే తెలియును. ఎఱుపు అదనముగాఁ దోఁచును. కావున పీతశంఖదృష్టాంతము చెల్లదు.

కల్పనయు కాదు; ఇది సంకల్పాధీనము కాదు గదా. అక్షరమును ప్రతికూలవర్ణమున ముద్రించి ఆ ముద్రణవర్ణమును చెప్పుమన్నచో సహసంవేదకునకు జాగగును. చిరకాలమునకు మరల నడిగినను ఒక్కొక్క యక్షరమునకు మునుపటి వర్ణమునే చెప్పును.

జ్ఞానలక్షణసన్నికర్షము దీనికి సమీపమైనది. దూరమునుండి చందనమును చూచి ‘సుగంధి’ యని గ్రహించుటను నవ్యనైయాయికులు దానిచే సమర్థింతురు. వేదాంతపరిభాషాకారుఁడు సౌరభాంశమును ప్రత్యక్షముగా నంగీకరింపఁడు. ఇందు పూర్వానుభవసంస్కారము ముఖ్యము. 2013లో విట్‌హాఫ్ట్, వినావర్ అనువారు ప్రకటించిన పరిశోధనమున 11 మంది సహసంవేదకుల వర్ణములు, బాల్యమున ఆడుకొను అయస్కాంతపుటక్షరముల రంగులతో చాలవఱకు సరిపోయెను. ఇచ్చట సంస్కారము స్పష్టము. అయినను పెక్కుమందికి ఇట్టి మూలము కానరాదు. మఱియు చందనమున సౌరభము నిజముగాఁ గలదు. అక్షరమున ఎఱుపు లేదు. కావున సామ్యము పాక్షికమే.

నాట్యశాస్త్రము శృంగారమునకు శ్యామమును, హాస్యమునకు సితమును, రౌద్రమునకు రక్తమును విధించినది. ఇది ఉపదేశముచే నేర్వఁదగిన సంకేతము, అందఱికి సమానము. సహసంవేదనవర్ణము పురుషభేదముచే భిన్నము, సంకేతమూలకము కాదు. భరతుఁడు దీనినే చెప్పెనని బోధించుట యుక్తము కాదు.

ఫలితార్థ మిది. ‘అక్షరము ఎఱ్ఱనిది’ యను వ్యవసాయము బాధితము. ‘నాకు ఎఱుపు తోఁచుచున్నది’ యను అనువ్యవసాయము అబాధితము. సహసంవేదకుఁడు చెప్పునది రెండవదానినే. కనుక ‘క’కారము ఎఱ్ఱగాఁ దోఁచుచున్నదని శిష్యుఁడు పలికినచో, గురువు దానిని అసత్యమని గద్దింపరాదు.