ఒకే తల్లి బిడ్డలు, వేర్వేరు వన్నెలు

సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా అడవుల్లో ఒక సీతాకోకచిలుక జీవిస్తున్నది. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు పాపిలియో డార్డనస్. మగవి లేత పసుపు రెక్కలతో, నల్లని అంచులతో, తోకలతో ఒకే తీరుగా ఉంటాయి. ఆడవాటిలో మాత్రం డజనుకు పైగా రూపాలున్నాయి. కొన్ని నలుపు తెలుపుల్లో ఉంటే, మరికొన్ని నారింజ వన్నెలో ఉంటాయి. చాలావాటికి తోక కూడా ఉండదు.

పూర్వం పండితులు వీటిని వేర్వేరు జాతులుగా భావించి వేర్వేరు పేర్లు పెట్టారు. దక్షిణాఫ్రికాలో పరిశోధన చేసిన రోలాండ్ ట్రైమెన్, ఇవన్నీ ఒకే జాతికి చెందినవని 1869లో ప్రకటించాడు. కొందరు నమ్మలేదు. అయితే ఒకే తల్లి పెట్టిన గుడ్ల నుండి వేర్వేరు వన్నెల బిడ్డలు వెలువడటంతో సందేహం తీరిపోయింది.

ఈ వైవిధ్యం వెనుక గొప్ప యుక్తి ఉంది. మన ఊళ్ళలో జిల్లేడు చెట్ల చుట్టూ తిరిగే నారింజ రంగు సీతాకోకచిలుక ఆఫ్రికాలోనూ ఉంది. దాని ఒంట్లో విషం ఉంటుంది గనుక పక్షులు దాని జోలికి పోవు. డార్డనస్‌కు అలాంటి విషం లేదు. అయినా నారింజ వన్నె ఆడవి దానిని పోలి ఉండి ప్రాణాలు దక్కించుకుంటాయి. నలుపు తెలుపు వన్నెలవి మరికొన్ని చేదు జాతులను పోలి ఉంటాయి. అన్నీ ఒకే వేషంలో ఉంటే, అందులో విషం లేనివే ఎక్కువని పక్షులు త్వరగా పసిగట్టేవి. కనుక ఆ వన్నెల భేదమే ఆ జాతికి రక్షణ కవచం. ఇంతటి భేదాన్ని నిర్ణయించేది జన్యు పదార్థంలోని ఒక చిన్న భాగమేనని ఇటీవలి పరిశోధనలు తెలిపాయి.

దివ్య ఖుర్ఆన్ రూమ్ సూరా 22వ ఆయత్‌లో మానవుల భాషల, రంగుల వైవిధ్యాన్ని అల్లాహ్ తన సూచనల్లో ఒకటిగా పేర్కొన్నాడు. ఆ సూచనను మనం పారాయణం చేస్తాం. కాని పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు అమ్మాయి నమాజు, నడవడి, చదువు అడగకముందే ఛాయ అడుగుతాం. ఒకే తల్లి కూతుళ్ళలో తెల్లని పిల్లను ముందు కూర్చోబెట్టి, చామనఛాయ పిల్లను వంటింట్లో ఉంచే ఇళ్ళు మన మధ్య లేవా? ఆ పిల్ల మనసుకు తగిలే గాయానికి మనం రేపు అల్లాహ్ సన్నిధిలో ఏమని సమాధానం చెప్పుకుంటాం?

రంగును బట్టి ఎవరికీ ఆధిక్యం లేదని, దైవభీతియే ప్రమాణమని మహాప్రవక్త (స) బోధించారు. మన ఆడబిడ్డల ముఖాల్లో లోపాలు వెదకటం మాని, సృష్టికర్త సూచనను చూడగలిగే చూపును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.