ఒక తుఫాను, రెండు గోతులు

పీజీలో మాకు ఒక అమెరికన్ నవల పాఠంగా ఉండేది. పేరు 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్'. రాసింది జోరా నీల్ హర్‌స్టన్ అనే నల్లజాతి రచయిత్రి. 1937లో అచ్చయింది. అందరూ దీన్ని జానీ అనే స్త్రీ ప్రేమకథగానే చెబుతారు, పరీక్షలోనూ అదే అడుగుతారు. మాకు మాత్రం చివరి భాగంలోని కొన్ని పేజీలే మనసులో నిలిచిపోయాయి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీతో చెప్పాలనుకున్నది వాటి గురించే.

ముందు అసలు జరిగింది చెప్పాలి. 1928 సెప్టెంబరు 16న ఫ్లోరిడా రాష్ట్రాన్ని పెనుతుఫాను తాకింది. అక్కడ ఓకీచోబీ అనే పెద్ద సరస్సు ఉంది. దాని దక్షిణపు ఒడ్డున మట్టి కరకట్ట పోసి, చిత్తడి నేలను సాగులోకి తెచ్చారు. ఆ పొలాల్లో పనికి నల్లజాతి కూలీలు వేలల్లో వలస వచ్చేవారు, బహామా దీవుల నుంచి కూడా. గాలి తోపుకు సరస్సు పొంగి కట్ట తెగింది. కనీసం 2,500 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆ కూలీలే.

తర్వాత శవాలను వెస్ట్ పామ్ బీచ్ పట్టణానికి చేర్చారు. దొరికిన కొద్ది పెట్టెలూ తెల్లవాళ్ళకు పోయాయి. వుడ్‌లాన్ శ్మశానంలో 69 మందిని పూడ్చారు. నల్లవాళ్ళు 674 మందిని మాత్రం బీదల శ్మశానంలో ఒకే గోతిలో పూడ్చేశారు.

నవలలో జానీ భర్త టీ కేక్ ఈ వరద నుంచి బయటపడి పట్నం చేరతాడు. వీధిలోకి వెళ్ళగానే ఇద్దరు తెల్లవాళ్ళు తుపాకీ చూపించి శవాలు పూడ్చే పనికి లాక్కుపోతారు. అక్కడ కావలివాళ్ళ ఆజ్ఞ ఒకటి ఉంటుంది. ప్రతి శవాన్నీ తెల్లదో నల్లదో తేల్చాకే గోతిలో వేయాలి. నీళ్ళలో నాని రంగు తెలియకపోతే? జుట్టు చూడమంటారు. తెల్లవాళ్ళకు పెట్టెలు, నల్లవాళ్ళకు పైన చల్లే సున్నం. చచ్చినవాళ్ళు ఏ వరసలో దేవుడి ముందుకు పోవాలో వీళ్ళకెంత పట్టింపో అని టీ కేక్ పక్కవాడితో అంటాడు. మా ఊళ్ళలోనూ శ్మశానం ఒక్కటి కాదు, ఎవరి పాడె ఏ దారిన పోవాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాం.

హర్‌స్టన్ తెల్లవాళ్ళ అన్యాయం చెప్పి ఊరుకోలేదు. వరదలో జానీని కాపాడబోయి టీ కేక్ పిచ్చికుక్క కాటు తింటాడు. తర్వాత మతి చలించి ఆమె మీదికే తుపాకీ ఎత్తితే, ప్రాణం దక్కించుకోవడానికి ఆమె అతన్ని కాల్చాల్సి వస్తుంది. కోర్టులో జ్యూరీ అంతా తెల్లవాళ్ళే. వెనక నిలబడ్డ నల్లవాళ్ళంతా, నిన్నటిదాకా ఆమెతో కలిసి పని చేసినవాళ్ళే, ఆమెకు శిక్ష పడాలని కోరుకుంటారు. విడుదలయ్యాక ఆమె చుట్టూ చేరింది తెల్ల ఆడవాళ్ళు. దుఃఖం సొంతవాళ్ళనే ఎదురెదురు నిలబెట్టడం మాకు మింగుడు పడలేదు. అయినా అదే నిజమనిపించింది. అంత్యక్రియల నాటికి వాళ్ళ కోపం చల్లారుతుంది. ఇక తుఫానులు అంటకూడదని జానీ భర్తకు గట్టి సమాధి కట్టిస్తుంది. అది కూడా వెస్ట్ పామ్ బీచ్‌లోనే!

ఆ 674 మంది ఉన్న చోట దశాబ్దాల పాటు చిన్న రాయి కూడా లేదు. ఆ స్థలం చేతులు మారింది. 2000లో నగరం తిరిగి కొన్నది, 2002లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. 1960లో చనిపోయిన హర్‌స్టన్ సమాధికీ 1973లో రచయిత్రి ఆలిస్ వాకర్ పెట్టించేదాకా రాయి లేదు.

నవలలోని మాటలు అక్కడి నల్లవాళ్ళ యాసలో ఉంటాయి, మొదట అర్థం కావు. మా గదిలో ఒకరు గట్టిగా చదువుతుంటే మిగతావాళ్ళం విన్నాం. అలాగైతే తెలుస్తుంది. తుఫాను 18వ అధ్యాయంలో వస్తుంది. ఓపిక లేనివాళ్ళు అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.