డ్రైవ్ ఏ వేళకు ఆగింది?

వేసవి మొదలైతే కుప్పం చుట్టుపక్కల గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో ఎలక్ట్రీషియన్లకు పని పెరుగుతుంది. మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవ్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. చాలా రకాల డ్రైవ్‌లలో తెర మీద ‘ఓహెచ్’ అనే అక్షరాలు కనిపిస్తాయి, అంటే లోపల వేడి హద్దు దాటిందని. అప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఏ వేళకు ఆగింది? పొద్దున స్విచ్ వేయగానే ఆగిందా, రెండు మూడు గంటలు బాగా నడిచి ఎండ ముదిరాక ఆగిందా? సగం రోగనిర్ధారణ ఆ జవాబులోనే ఉంటుంది.

రాత్రంతా చల్లబడ్డ డ్రైవ్ స్విచ్ వేసిన క్షణంలో మసలిపోవడం జరగని పని. అలాంటప్పుడు ఉష్ణోగ్రత కొలిచే థర్మిస్టర్‌నో, దాని తీగనో అనుమానించాలి. పరీక్ష తేలికే. చల్లగా ఉన్న డ్రైవ్‌లో హీట్ సింక్ ఉష్ణోగ్రత చూపే తెరను తెరవండి. షెడ్డులో 28 డిగ్రీలు ఉంటే అక్కడ కూడా దాదాపు అంతే కనిపించాలి. 90 చూపిస్తోందంటే తప్పు కొలతది, ఫ్యాన్‌ది కాదు. మధ్యాహ్నం ఆగేదైతే మాత్రం గాలి దారిని వెతకాలి.

డ్రైవ్ లోపలికి వచ్చిన కరెంటు ముందు డీసీగా మారాక, ఐజీబీటీ అనే స్విచ్‌లు దాన్ని సెకనుకు వేలసార్లు తెంపి కలిపి, మోటారుకు కావలసిన ఫ్రీక్వెన్సీలో పంపుతాయి. ఈ పనిలో కరెంటు రెండు నుంచి నాలుగు శాతం దాకా వేడిగా మారుతుంది. 30 కిలోవాట్ల డ్రైవ్‌లో మూడు శాతం అంటే 900 వాట్లు. ఒక ఇస్త్రీ పెట్టె డ్రైవ్ లోపల రోజంతా కాలుతున్నట్టే. ఆ వేడిని అల్యూమినియం హీట్ సింక్ పీల్చుకుంటుంది, ఫ్యాన్ గాలితో బయటికి తోస్తుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క. మన ఎత్తులో, మన ఎండలో, ఒక ఘనపు మీటరు గాలి ఒక్క డిగ్రీ వేడెక్కడానికి సుమారు 1.1 కిలోజౌళ్లు తీసుకుంటుంది. 900 వాట్లను పది డిగ్రీల పెరుగుదలతో మోసుకుపోవాలంటే సెకనుకు దాదాపు 80 లీటర్ల గాలి కావాలి. హీట్ సింక్ రెక్కల మధ్య రాతిపొడి పేరుకుని గాలి సగానికి తగ్గితే పెరుగుదల ఇరవై డిగ్రీలవుతుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. అందుకే ‘ఫ్యాన్ బాగానే ఉంది సార్’ అన్న మాట మీద ఆగిపోకూడదు. తిరగడం వేరు, గాలి తోయడం వేరు.

పుంగనూరు వైపు చెనక్కాయలు ఒలిచే మిల్లుల్లో పొట్టు ధూళి ఫిల్టర్లను మూసేస్తుంది. గ్రానైట్ దగ్గర సమస్య ఇంకా గట్టిది. గ్యాంగ్‌సాతో దిమ్మలు కోసేచోట ఇనుప గుళ్లు కలిపిన బురద వాడతారు. అది ఎండి ఎగిరితే ఆ ధూళిలో ఇనుము కూడా ఉంటుంది, సర్క్యూట్ బోర్డు మీద పడితే షార్ట్ చేయగలదు. డ్రైవ్ వేడెక్కుతోందని ప్యానెల్ తలుపు తీసి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టడం అందుకే ప్రమాదం. ఆ రోజుకు పని నడుస్తుంది, ధూళి మాత్రం తిన్నగా బోర్డుల మీదికి చేరుతుంది.

ఇక ఫ్యాన్‌ను చూద్దాం. మోటారు నడిచేటప్పుడో, హీట్ సింక్ వేడెక్కాకో మాత్రమే ఫ్యాన్ తిరిగేలా చాలా డ్రైవ్‌లలో అమరిక ఉంటుంది. స్విచ్ వేయగానే తిరగలేదని దాన్ని మార్చేయనక్కర్లేదు. కరెంటు తీసి, తయారీదారు చెప్పినంతసేపు ఆగి, వేలితో తిప్పి చూడాలి. గరగరలాడినా, పట్టేసినా బేరింగ్ పోయినట్టే. చిన్న డ్రైవ్‌లలో ఎక్కువగా 24 వోల్టుల డీసీ ఫ్యాన్ ఉంటుంది. కనెక్టర్ దగ్గర 24 వోల్టులు వస్తున్నా తిరగకపోతే ఫ్యాన్ పోయింది. తిరగాల్సిన వేళ కూడా వోల్టేజీయే రాకపోతే తప్పు పవర్ బోర్డుది. ఫ్యాన్ చక్కగా తిరుగుతున్నా ఫ్యాన్ అలారం వస్తుంటే మూడో తీగను చూడాలి. తిరుగుతున్నానన్న సంకేతాన్ని పంపేది అదే. కొన్ని ఫ్యాన్లు తిరిగినంతసేపూ పల్స్‌లు పంపుతాయి, కొన్ని ఆగిపోయాయన్న సంగతిని మాత్రమే చెబుతాయి. ఒకదాని బదులు ఇంకొకటి బిగిస్తే డ్రైవ్‌కు ఆ భాష అర్థం కాదు. అలారం పోగొట్టడానికి ఆ తీగను షార్ట్ చేసి వదిలేసే అలవాటు నాకు చాలా బాధ కలిగిస్తుంది. వేలల్లో దొరికే ఫ్యాన్‌ను దాచి లక్షల డ్రైవ్‌ను పణంగా పెట్టడం అది.

కొత్త ఫ్యాన్ సైజు, వోల్టేజీ సరిపోతే చాలదు. ఇరుకు రెక్కల్లోంచి గాలిని నెట్టే ఒత్తిడి కూడా పాతదానితో సమానంగా ఉండాలి. ఫ్యాన్ ఒంటి మీద ఉండే బాణం గుర్తు చూసి బిగించాలి. తిరగేసి బిగిస్తే ఎదురుగాలే.

గాలి దారి శుభ్రంగా ఉన్నా వేడి తగ్గకపోతే క్యారియర్ ఫ్రీక్వెన్సీని, అంటే ఐజీబీటీలు సెకనుకు ఎన్నిసార్లు తెగి కలవాలన్న అమరికను చూడండి. మోటారు కూత తగ్గాలని ఎవరో దాన్ని పెంచి ఉంటారు. స్విచ్‌లు ఎంత తరచుగా తెగి కలిస్తే అంత వేడి. ఎత్తు ప్రభావమూ ఉంది. సాధారణంగా 1000 మీటర్లు దాటాక ప్రతి 100 మీటర్లకూ డ్రైవ్ సామర్థ్యంలో ఒక శాతం తగ్గించుకోమంటారు, గాలి పలచనవుతుంది కాబట్టి. సుమారు 700 మీటర్ల ఎత్తులోని మదనపల్లెకు ఆ బెంగ లేదు. దాని పక్కనే 1265 మీటర్ల హార్స్‌లీ కొండ మీద పెట్టేవాళ్లు మాత్రం దాదాపు మూడు శాతం వదులుకోవాలి.

ఇంతవరకూ డ్రైవ్ సంగతి. మోటారుకూ తన సొంత ఫ్యాన్ ఉంటుంది, షాఫ్టు వెనక కొసన. మోటారును 15 హెర్ట్జ్‌కు తగ్గిస్తే ఆ ఫ్యాన్ కూడా అంతే నెమ్మదిస్తుంది. పంపుకైతే ఫర్వాలేదు, వేగంతో పాటు భారమూ బాగా పడిపోతుంది. కన్వేయర్‌కు భారం అలాగే ఉంటుంది, గాలి మాత్రం తగ్గుతుంది. అక్కడ కరెంటు మామూలుగానే కనిపిస్తుంది, డ్రైవ్ చల్లగానే ఉంటుంది, కాలిపోయేది మోటారు వైండింగ్. వేరే కరెంటుతో ఎప్పుడూ పూర్తి వేగంతో తిరిగే విడి ఫ్యాన్ అమర్చడమే దీనికి మందు.

ఇవన్నీ తెలిసినవాళ్లే చేయాలి. 415 వోల్టుల సరఫరా ఉన్న డ్రైవ్‌లో కెపాసిటర్ల మీద 580 వోల్టులకు పైగా డీసీ నిలుస్తుంది, స్విచ్ తీసినా కొన్ని నిమిషాలు పోదు. తయారీదారు చెప్పినంతసేపు ఆగి, మీటరుతో కొలిచాకే చెయ్యి పెట్టాలి. ధూళి ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా పట్టుకోవాలి. కంప్రెసర్ గాలికి అది హద్దు మీరి తిరిగితే బేరింగ్ పాడవుతుంది. గ్రానైట్ పొడిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులను అది మళ్లీ బాగుపడనంతగా దెబ్బతీస్తుంది. ముక్కుకు మంచి మాస్కు లేకుండా ఎవరినీ ఆ పనికి పెట్టొద్దు.

వేడిలో డ్రైవ్ ఆగకుండా నడుస్తున్నా నష్టం జరుగుతూనే ఉంటుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి పది డిగ్రీలకూ దాదాపు సగమవుతుందని లెక్క. కాబట్టి ట్రిప్ అయ్యేదాకా ఆగొద్దు. నెలకోసారి, ఒకే వేళకు, ఒకే లోడు మీద, హీట్ సింక్ ఉష్ణోగ్రతనూ షెడ్డు ఉష్ణోగ్రతనూ పుస్తకంలో రాయండి. రెండింటి మధ్య తేడా అయిదారు డిగ్రీలు పెరిగిన నెలే శుభ్రం చేయాల్సిన నెల. శుభ్రం చేశాక కూడా తేడా తగ్గకపోతే ఫ్యాన్ ఆర్డరు పెట్టండి, మార్చి రాకముందే.