మొండికెత్తిన ప్రోస్టేటు కేన్సరు – హార్మోను నిరోధక ఔషధాలు

“డాక్టరు గారూ, మా మామగారికి హార్మోను వైద్యం పనిచేయడం మానేసిందని అక్కడి డాక్టర్లు చెప్పారట. చెప్పి, మళ్ళీ హార్మోను మాత్రలే వ్రాసి ఇచ్చారు. పనిచేయని వైద్యాన్నే మళ్ళీ చేయడం ఏమిటండీ?”

ఒక ఆదివారం రాత్రి ఒక మిత్రుడు టెలిఫోనులో వేసిన ప్రశ్న ఇది. ఆయన మామగారు కొన్నాళ్ళు మనవలతో గడిపి వెళ్దామని రాజమండ్రి నుంచి అంతకు రెండు వారాల క్రితమే వచ్చారు. ప్రశ్న చాలా సహేతుకమైనది. ఇదే ప్రశ్నకు శాస్త్రజ్ఞులు సరియైన సమాధానం కనుగొనడానికి దాదాపు అరవై సంవత్సరాలు పట్టింది.

ప్రోస్టేటును తెలుగులో పౌరుషగ్రంథి అంటారు. మూత్రాశయానికి సరిగ్గా దిగువన, మూత్రనాళాన్ని చుట్టుకొని, పెద్ద ఉసిరికాయంత పరిమాణంలో ఉంటుంది. వీర్యంలోని ద్రవంలో కొంత భాగాన్ని తయారుచేయడం దీని పని. వయసు మీరినకొద్దీ ఈ గ్రంథి ఉబ్బడం సహజం. ఆ ఉబ్బు కేన్సరు కాదు. కేన్సరు వచ్చినప్పుడు తొలిదశలో చాలామందికి ఏ బాధా తెలియదు. తెలిసేనాటికి కొందరిలో అది ఎముకలకు, ముఖ్యంగా వెన్నెముకకు, ప్రాకి ఉంటుంది. నడుము నొప్పిని వయసు మీదికి నెట్టివేయడం, మూత్రం సంగతి కొడుకుతో గాని కోడలితో గాని చెప్పుకోలేకపోవడం మన పెద్దవారికి అలవాటే గనుక, ఆలస్యం మన ఇళ్ళలో మరికొంత ఎక్కువ.

ఈ గ్రంథి పెరగడానికి, బ్రతకడానికి పురుష హార్మోను కావాలి. దాని పేరు టెస్టోస్టిరోను. ఈ హార్మోనులో తొంభై శాతానికి పైగా వృషణాలలో తయారవుతుంది. మూత్రపిండాల మీద టోపీల వలె కూర్చున్న అధివృక్క గ్రంథులు కొద్దిపాటి పురుష హార్మోనులను తయారుచేస్తాయి. షికాగో విశ్వవిద్యాలయంలో చార్లెస్ హగ్గిన్స్ అనే శస్త్రవైద్యుడు 1941లో తన సహచరుడు క్లారెన్స్ హాడ్జెస్‌తో కలిసి ఒక విషయం నిరూపించాడు. ఎముకలకు ప్రాకిన ప్రోస్టేటు కేన్సరు రోగులకు వృషణాలను తొలగిస్తే కేన్సరు వెనుకకు తగ్గుతుంది. మంచం దిగలేని రోగులలో కొందరికి నొప్పులు త్వరలోనే ఉపశమించాయి. కేన్సరు కణం ఎవరి మాటా వినని స్వతంత్ర జీవి అనుకుంటున్న రోజులలో, అది కూడా శరీరంలోని హార్మోనులకు లోబడి ఉండగలదని తెలియడం పెద్ద విశేషం. ఇందుకు ఆయనకు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది.

శస్త్రచికిత్స అంటే పురుషులకు జంకు. దానికి బదులుగా ఇంజక్షన్లు వచ్చాయి. మెదడులోని హైపోథలమస్ నుంచి పీయూషగ్రంథికి, అక్కడి నుంచి వృషణాలకు ఆజ్ఞలు వెళ్తాయి. మొదటి ఆజ్ఞను మోసుకుపోయే చిన్న పదార్థాన్ని గుర్తించిన కృషికి ఆండ్రూ షాలీ, రోజర్ గిల్లెమిన్‌లు 1977 నోబెల్ బహుమతిలో పాలు పంచుకున్నారు. ఆ పదార్థాన్ని పోలిన ల్యూప్రోలైడ్ అనే మందుకు అమెరికాలో 1985లో అనుమతి లభించింది. ఇది పనిచేసే తీరు విచిత్రమైనది. ఇది ఆజ్ఞను ఆపదు. విరామం లేకుండా ఇస్తూనే ఉంటుంది. రోజంతా పిలిచే పిలుపుకు చెవి అలవాటుపడి పలకడం మానివేసినట్లు, పీయూషగ్రంథి కొద్దివారాలలో పలకడం మానివేస్తుంది. కాని మానివేయడానికి ముందు ఒకటి రెండు వారాల పాటు టెస్టోస్టిరోను పెరుగుతుంది. వెన్నెముకలో కేన్సరు ఉన్నవారికి ఆ కొద్ది రోజులు ప్రమాదకరం కావచ్చు. అందుకే మొదటి ఇంజక్షనుకు ముందూ వెనుకా కొన్ని వారాలు వేరే మాత్రలు ఇస్తారు. భారతదేశంలో ఖర్చును బట్టి నేటికీ శస్త్రచికిత్సనే ఎంచుకొనేవారు ఎందరో ఉన్నారు. ఒక్కసారితో పోతుంది, తేదీలు గుర్తు పెట్టుకోనక్కరలేదు. ఫలితంలో తేడా లేదు.

ఈ వైద్యం మొదట దాదాపు అందరికీ పనిచేస్తుంది. ప్రోస్టేటు కణాలు తయారుచేసే పి.ఎస్.ఎ. అనే మాంసకృత్తు రక్తంలో ఎంత ఉన్నదో చూసి ఆ సంగతి తెలుసుకుంటారు. అయితే కొందరిలో ఒకటి రెండు సంవత్సరాలకే, మరికొందరిలో ఎన్నో సంవత్సరాలకు, టెస్టోస్టిరోను అడుగంటి ఉండగానే పి.ఎస్.ఎ. మళ్ళీ పెరగడం మొదలుపెడుతుంది. ఈ దశకు పూర్వం ‘హార్మోను రిఫ్రాక్టరీ’ అని, అనగా హార్మోనుల అదుపు దాటిపోయినది అని, పేరు. ఆ పేరు తప్పు. నా దృష్టిలో అది హాని చేసిన తప్పు. అదుపు దాటిపోయిందని పేరు పెట్టిన తరువాత, అదుపుచేసే హార్మోను మందును వెదకాలనే ఉత్సాహం ఎందరికి ఉంటుంది?

మాగాణి చేల పోలిక చెబితే మన పెద్దలకు ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. వృషణాలు పెద్ద కాలువ. ఇంజక్షను ఆ కాలువ తూము మూసింది. చేను ఎండింది. కొన్నాళ్ళకు చేలో మళ్ళీ పచ్చదనం కనబడితే, “ఈ పైరుకు నీరే అక్కరలేదు” అనుకోవడం ఒక పద్ధతి; నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో వెదకడం రెండవ పద్ధతి. రెండవ పద్ధతిలో వెదకినవారికి మూడు విషయాలు కనబడ్డాయి. ఒకటి, అధివృక్క గ్రంథుల పిల్ల కాలువ పారుతూనే ఉన్నది. రెండు, కేన్సరు తనలోనే ఒక బావి త్రవ్వుకున్నది. అనగా పురుష హార్మోనును తానే తయారుచేసుకోవడం నేర్చింది. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది: పైరు తన వేళ్ళను పెంచుకున్నది.

వేళ్ళంటే ఇక్కడ కణంలోని గ్రాహకాలు. హార్మోను వచ్చి గ్రాహకానికి అంటుకుంటుంది. ఆ జంట కణకేంద్రంలోనికి పోయి, అక్కడి జన్యువులను తట్టిలేపి, “పెరుగు” అని చెబుతుంది. చార్లెస్ సాయర్స్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 2004లో ప్రకటించిన పరిశోధనలో, మొండికెత్తిన కణాలలో నిలకడగా కనబడిన మార్పు ఈ గ్రాహకం ఎక్కువగా తయారుకావడమేనని తేలింది. గ్రాహకాలు పెరిగితే బొట్టు నీటికే పైరు బ్రతుకుతుంది. అంతకంటె విడ్డూరం, గ్రాహకాన్ని అడ్డుకోవలసిన బైకాల్యుటమైడ్ వంటి పాత మందులు అటువంటి కణాలలో హార్మోను వలె ప్రవర్తించి కేన్సరుకే తోడ్పడ్డాయి. 1990ల ఆరంభంలోనే వైద్యులు దీని నీడను చూశారు: ఫ్లూటమైడ్ అనే మాత్రను ఆపివేస్తే కొందరు రోగులకు పి.ఎస్.ఎ. తగ్గింది! కారణం అప్పటికి అంతుపట్టలేదు.

అసలు పదార్థాన్ని పోలిన నకిలీతో కేన్సరును మోసగించవచ్చుననే భావన మనవారికి క్రొత్త కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన ఎమినోప్టెరిన్, ఫోలిక్ ఆమ్లానికి నకిలీయే. అయితే నకిలీ మరీ అసలులా ఉంటే ఏమవుతుందో ఈ ఫ్లూటమైడ్ కథ చెబుతుంది.

ఇక క్రొత్త మందులు. మొదటిది ఎబిరటిరోన్. దీని పూర్వకథ 1945 నాటిది. వృషణాలు తీసినా కేన్సరు తిరగబెట్టిన రోగులకు హగ్గిన్స్ అధివృక్క గ్రంథులను కూడా తొలగించి చూశాడు. ఊహ సరియైనదే, కాని ఆ గ్రంథులు లేకుండా మనిషిని నిలబెట్టే కార్టిజోన్ అప్పటికి వైద్యుల చేతికి రాలేదు. ప్రయత్నం విఫలమైంది. తరువాత ఎన్నో సంవత్సరాలకు, కీటోకొనజోల్ అనే బూజు తెగుళ్ళ మందు వాడిన పురుషులలో కొందరికి రొమ్ములు ఉబ్బడం కనబడింది. ఆ మందు హార్మోను తయారీని ఆపుతున్నదని తెలిసింది. కాని అది మొరటు మందు. పురుష హార్మోను తయారీకి అత్యవసరమైన సి.వై.పి.17 అనే ఎంజైమును మాత్రమే గురి చూసి కొట్టే మందును లండనులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కేన్సర్ రిసెర్చ్ రసాయన శాస్త్రజ్ఞులు 1990ల ఆరంభంలో నిర్మించారు. ఇది పెద్ద కాలువను, పిల్ల కాలువను, కేన్సరు త్రవ్వుకున్న బావిని కూడా ఎండగడుతుంది. అయినా రోగుల చేతికి అందడానికి దాదాపు 20 సంవత్సరాలు పట్టింది.

కీమోథెరపీ కూడా అయిపోయిన 1195 మంది రోగుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2011లో వెలువడ్డాయి. మందు తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం 14.8 నెలలు, తీసుకోనివారిది 10.9 నెలలు. “నాలుగు నెలలేనా?” అని పాఠకులు పెదవి విరచవచ్చు. వీరు వైద్యం చివరి మెట్టున ఉన్నవారు. మధ్యస్థం అంటే సగం మంది అంతకు మించి జీవించారని అర్థం. పైగా, ఎముకలకు ప్రాకినట్లు తెలిసిన వెంటనే, మొదటి ఇంజక్షనుతో పాటే ఈ మందును ఇస్తే ఏమవుతుందని పరీక్షించినప్పుడు, 2017లో వెలువడిన రెండు పెద్ద పరిశోధనలలోను మరణ ప్రమాదం మూడవ వంతుకు పైగా తగ్గింది. చివరి మందు మొదటి మందుగా మారింది.

రెండవది ఎంజాల్యుటమైడ్. సాయర్స్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రజ్ఞుడు మైకేల్ యుంగ్ కలిసి సాధించినది. గ్రాహకాలు పెరిగిన కణాలలో కూడా హార్మోను వేషం వేయని నిరోధకం కావాలని వారు పనిగట్టుకొని వెదకారు. ఇది గ్రాహకాన్ని పట్టుకొని, కణకేంద్రంలోనికి పోనీయదు, పోయినదానిని డి.ఎన్.ఎ.కి అంటుకోనీయదు. 1199 మంది రోగుల పరీక్షలో మధ్యస్థ జీవితకాలం 13.6 నెలల నుంచి 18.4 నెలలకు పెరిగింది. 2012లో అనుమతి వచ్చింది. ఇదే కోవలో 2018లో ఎపాల్యుటమైడ్, 2019లో డారోల్యుటమైడ్ వచ్చాయి.

ఇంటిలో మందు ఇచ్చేవారికి కొన్ని సంగతులు తెలియాలి. ఏ మందైనా ఇంత తిని వేసుకోవాలన్నది మన అమ్మమ్మల నాటి సూత్రం. ఎబిరటిరోన్ విషయంలో అది తారుమారు. మామూలు మోతాదును పరగడుపున, తిన్న తరువాత కనీసం రెండు గంటలకు వేసుకోవాలి. వేసుకున్న తరువాత గంట దాకా తినరాదు. భోజనంతో వేసుకుంటే మందు రక్తంలోనికి ఎన్నో రెట్లు ఎక్కువగా చేరుతుంది. దీనితో పాటు ప్రెడ్నిసోన్ వంటి స్టిరాయిడు మాత్ర ఉంటుంది. అది మానితే రక్తపోటు పెరగడం, పొటాషియం పడిపోవడం, కాళ్ళు నీరు పట్టడం జరగవచ్చు. ఎంజాల్యుటమైడుకు స్టిరాయిడు అక్కరలేదు గాని నీరసం ఎక్కువ, పెద్దవారు తూలి పడవచ్చు, అరుదుగా మూర్ఛ రావచ్చు. వార్ఫరిన్ వంటి మందుల బలాన్ని ఇది మారుస్తుంది. హార్మోను లేమి వల్ల ఎముకలు పలచబడడం, ఒళ్ళు ఆవిర్లు, చక్కెర వ్యాధి ముదరడం సరేసరి. మగతనం తగ్గిందన్న దిగులు వేరు. ఆయన ఎవరికీ చెప్పరు; ముభావంగా ఉంటారు. ఇంటివారు దానిని కోపమనుకుంటారు.

ఈ మందులకూ కేన్సరు మొండికెత్తుతుంది. హార్మోను అంటుకునే భాగమే లేని కురుచ గ్రాహకాన్ని తయారుచేయడం అది నేర్చిన మరొక విద్య. అటువంటి గ్రాహకం కనబడిన రోగులకు ఈ రెండు మందులూ పనిచేయలేదని 2014లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు చూపారు. ఒకటి విఫలమైన తరువాత రెండవది వేయడం వల్ల సామాన్యంగా లాభం స్వల్పం. అక్కడ వేరే మార్గాలున్నాయి. ఆ కథ వేరు.

ధర మాటకు వస్తే, ఎంజాల్యుటమైడుకు పేటెంటు ఇవ్వడానికి భారత పేటెంటు కార్యాలయం 2016లో నిరాకరించింది. ఎబిరటిరోన్ జనరిక్ మాత్రలు అమెరికాలో 2018 నుంచి దొరుకుతున్నాయి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని అత్యవసర ఔషధాల పట్టికలో చేర్చింది.

మిత్రుడికి ఇదంతా ఫోనులో చెప్పలేదు. ఒక్కటే అడిగాను: మాత్రలు మొదలుపెట్టిన తరువాత మూడు నెలల ఇంజక్షను ఎప్పుడు చేయించారు? ఫోను చేతులు మారింది. “పాత మందు పనిచేయలేదని క్రొత్తది ఇచ్చారు కదా బాబూ, ఇంకా అదెందుకని మానేశాను,” అన్నారు పెద్దాయన. శస్త్రచికిత్స చేయించుకోనివారికి ఈ మాత్రలతో పాటు ఆ ఇంజక్షను కూడా సాగవలసిందే. తూము తెరిచిపెట్టి బావి పూడ్చి లాభం లేదు. తేదీ దాటి అప్పటికి అయిదు వారాలు. సందర్శకుల బీమా ఈ ఖర్చు భరించదు గనుక వెల విచారించడానికి రెండు రోజులు పట్టింది. గురువారం నాడు ఇంజక్షను వేశారు. తరువాతి తేదీకి ఆయన రాజమండ్రిలో ఉంటారు. వెళ్ళేలోగా ఒక కాగితం మీద ఆ తేదీని, రెండు మందుల పేర్లను పెద్ద అక్షరాలతో తెలుగులో వ్రాసి ఇవ్వమన్నారు, వ్రాసి ఇచ్చాను.